పరీక్షకు ముందు వంటిల్లు

కొలనోస్కోపీ పరీక్ష వైద్యుని చేతిలో సుమారు అరగంటలో ముగుస్తుంది. అయితే అది ఫలించడమో, వ్యర్థం కావడమో అంతకు రెండు రోజుల ముందే, ఇంటి వంటగదిలోనే చాలావరకు నిర్ణయమైపోతుంది. ఆసుపత్రిలో చేతికిచ్చే సూచనల కాగితం తరచూ ఆంగ్లంలో ఉంటుంది. దానిలో ఓట్స్, జెల్లీ, బ్రోత్ వంటి మాటలుంటాయి గాని గోంగూర ఉండదు, గసగసాలుండవు, దాల్చా ఉండదు. ఇంట్లో వంట చేసే సోదరికి ఆ కాగితం చేరేసరికి అది సగం అర్థమై, సగం ఊహకు మిగిలిపోతుంది. అందువల్ల ఈ మాసం మేము ఆ కాగితాన్ని మన వంటింటి భాషలో వివరించదలచాము.

ముందుగా ఈ పరీక్ష ఎవరికి అవసరమో కొద్ది మాటల్లో చెబుతాము. మలంలో రక్తం కనిపించినవారికి, కారణం తెలియని రక్తహీనత ఉన్నవారికి, చాలాకాలంగా ఉన్న విరేచన క్రమం అకస్మాత్తుగా మారినవారికి, అకారణంగా బరువు తగ్గుతున్నవారికి వైద్యులు దీనిని సూచిస్తారు. తల్లి, తండ్రి, తోబుట్టువులలో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సరు వచ్చి ఉంటే, ఏ బాధా లేకపోయినా 40 ఏళ్లకు, లేదా ఆ బంధువుకు వ్యాధి బయటపడిన వయసుకు పదేళ్ల ముందు, ఈ రెండింటిలో ఏది ముందైతే అప్పుడు పరీక్ష మొదలుపెట్టమంటారు. రక్తం పడిన ప్రతిసారీ "మొలలే కదా" అనుకొని నాటుమందుతో ఏళ్లు గడిపేవారు మన కుటుంబాలలో తక్కువమంది కారు. మొలలే కావచ్చు, కాకపోనూవచ్చు. చూడనిదే తెలియదు.

ఇక చూడటం అంటే ఏమిటి? పెద్దపేగు పొడవు సుమారు ఒకటిన్నర మీటరు. దాని లోపలి గోడ మడతలు మడతలుగా ఉంటుంది. వైద్యుడు కెమెరా అమర్చిన సన్నని గొట్టాన్ని చివరి వరకు పంపి, వెనక్కి తీసుకుంటూ ఒక్కొక్క మడతను పరిశీలిస్తారు. అక్కడ పాలిప్ అనే చిన్న కండ పెరుగుదల కనిపిస్తే అప్పటికప్పుడే తొలగించగలరు. పాలిప్‌లలో కొన్ని మాత్రమే క్యాన్సరుగా మారతాయి. మారడానికి సాధారణంగా పదేళ్ల వరకు పడుతుంది. ఆ పదేళ్ల వ్యవధే ఈ పరీక్షకున్న బలం. కానీ కొన్ని పాలిప్‌లు పుట్టగొడుగులా లేచి ఉండవు, గోడకు అతుక్కుని చదునుగా ఉంటాయి. వాటిపై పలుచని మలపు పొర ఉన్నా, ఒక టమాటా తొక్క అడ్డం పడినా కంటికి చిక్కవు. గొట్టం మొన అతుక్కున్న గింజలతో మూసుకుపోతే పరీక్ష మధ్యలోనే ఆగిపోతుంది. అమెరికా వంటి దేశాలలో సైతం నలుగురిలో ఒకరికి దగ్గరగా పేగు సరిగా శుభ్రపడని స్థితిలో పరీక్షకు వస్తున్నారని అక్కడి వైద్యులే అంటున్నారు. అలా వచ్చినవారు మళ్లీ మందు తాగాలి, మళ్లీ రుసుము చెల్లించాలి, మళ్లీ ఒక పనిదినం పోగొట్టుకోవాలి. అంతకంటే పెద్ద నష్టం, "ఏమీ లేదు" అన్న నివేదికను నమ్మి నిశ్చింతగా ఉండిపోవడం.

ఆహారం సంగతికి వద్దాము. ఈ రెండు మూడు రోజులు మనం ఇన్నేళ్లుగా నేర్చుకున్న ఆరోగ్య సూత్రం తలకిందులవుతుంది. ఆకుకూరలు, పళ్లు, ముడిధాన్యాలు, పప్పులు మంచివని ఈ శీర్షికలోనే మేము అనేకసార్లు రాశాము. వాటిలోని పీచు జీర్ణం కాకుండా పెద్దపేగుకు చేరుతుంది. మామూలు రోజుల్లో అదే దాని మేలు. పరీక్షకు ముందు మాత్రం అదే అడ్డంకి. కనుక మధుమేహం పేరిట ఎప్పుడూ జొన్నరొట్టె తినే పెద్దాయనకు ఆ రెండు రోజులు తెల్లన్నమే మేలు. రాగి, జొన్న, సజ్జ, గోధుమ రవ్వ, ముడిబియ్యం పక్కన పెట్టాలి. తెల్లన్నం, ఇడ్లీ, మైదా బ్రెడ్డు, సేమియా, కోడిగుడ్డు, పెరుగు, మజ్జిగ, తొక్క తీసిన బంగాళాదుంప, మెత్తగా ఉడికిన చేప లేదా కోడిమాంసం తీసుకోవచ్చు. చక్కెర అదుపులో లేనివారు తెల్లన్నం ఎంత తినాలో ముందే వైద్యుని అడగాలి.

మాంసం పూర్తిగా నిషిద్ధమని చాలామంది భ్రమపడతారు. వాస్తవానికి లేత మాంసంలో పీచు లేదు. చిక్కంతా మనం దానికి జోడించే మసాలాలో ఉంది. కూర చిక్కబడటానికి గసగసాలు, నువ్వులు, వేరుశనగలు, ఎండు కొబ్బరి నూరి వేస్తాము. తాలింపులో ఆవాలు, జీలకర్ర చిటపటలాడతాయి. టమాటా తొక్క ఉడికినా కరగదు. పచ్చిమిరప గింజలూ అంతే. ఈ చిన్న గింజలు పేగు మడతల్లో రోజుల తరబడి నిలిచి ఉంటాయి. అందుచేత కోడిముక్కను ఉప్పు, కొద్దిగా అల్లం వెల్లుల్లి ముద్ద, పసుపు వేసి ఉడికించి, ముక్కను అన్నంలో కలిపి పెట్టండి. రుచి చప్పగానే ఉంటుంది. రెండు రోజులే కదా.

హైదరాబాదు ఇళ్లలో తెల్లవారి ఫలహారంగా ఖిచిడీ, ఖట్టా, ఖీమా తినే అలవాటుంది. ఖిచిడీలో పొట్టుతీయని మసూరు ఉంటుంది, ఖట్టాలో నువ్వులుంటాయి, రెండూ కూడదు. దాల్చాలో శనగపప్పు, సొరకాయ. మిర్చీ కా సాలన్‌లో నువ్వులు, పల్లీలు. హలీంలో మాంసమున్నా దాని దేహమంతా గోధుమ, పప్పులే. ఖుబానీ కా మీఠా, షీర్ ఖుర్మా వంటి తీపి వంటకాలలో ఎండు పళ్లు, బాదం, పిస్తా ఉంటాయి. కోస్తా జిల్లాల ఇళ్లలో గోంగూర, తోటకూర, ములక్కాడ, వంకాయ, బెండకాయ, ఊరగాయలు. పళ్లలో జామ, అంజూరం, దానిమ్మ, సీతాఫలం, కమల తొనలు. ఇవన్నీ మానవలసినవే. పాన్ నమిలేవారు ఆకు, వక్క కూడా మానాలి. ఇసబ్గోల్ మలబద్ధకానికి మందే గనుక మంచిదనుకొని కొనసాగించేవారుంటారు; అది శుద్ధమైన పీచు, వైద్యులు చెప్పినన్నాళ్ల ముందే ఆపాలి.

ఎన్ని రోజుల ముందు మొదలుపెట్టాలన్నది మీ వైద్యుని మాట. 2025లో అమెరికాలోని జీర్ణకోశ వైద్య సంఘాల సంయుక్త బృందం, ఇతర ఇబ్బందులు లేనివారికి ఒక్కరోజు ముందు ఆహార నియమం చాలునని చెప్పింది. కాని మలబద్ధకం ఉన్నవారికి, లోగడ పరీక్ష శుభ్రతలేమితో విఫలమైనవారికి, నల్లమందు జాతి నొప్పిమాత్రలు వాడేవారికి, చాలాకాలంగా మధుమేహమున్నవారికి ఆ సడలింపు వర్తించదు. ఈ విషయాలు వైద్యునికి ముందే చెప్పండి. ఆయన అడగకపోయినా చెప్పండి.

పరీక్షకు ముందురోజు చాలా ఆసుపత్రులు ద్రవాలే తీసుకోమంటాయి. ద్రవం అంటే గ్లాసు అవతలి అక్షరాలు కనిపించేంత తేటగా ఉండాలి. వడగట్టిన యఖ్ని, లేత కొబ్బరినీళ్లు, వడగట్టిన నిమ్మరసం నీళ్లు, పాలు లేని సులైమానీ చాయ్, తేట ఆపిల్ రసం. పాలు, లస్సీ, చిక్కటి సూప్, గుజ్జున్న పళ్లరసాలు ఈ లెక్కలోకి రావు. మజ్జిగ విషయంలో ఆసుపత్రుల సూచనలు వేర్వేరుగా ఉంటాయి. మీ కాగితంలో ఉన్నదే పాటించండి. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు కొబ్బరినీళ్లు తాగకూడదు, దానిలో పొటాషియం అధికం. మరొక ముఖ్య విషయం రంగు. ఎరుపు, ఊదా రంగు ద్రవాలు పేగు గోడపై రక్తంలా కనిపించి వైద్యుని తప్పుదారి పట్టిస్తాయి. ఎండాకాలంలో ఇంటింటా కలిపే రూహ్ అఫ్జా, దానిమ్మ రసం, పుచ్చకాయ రసం, బీట్‌రూట్ ఆ రోజు వద్దు. కాగితంలో జెల్లీ అని ఉంటే అది జెలటిన్‌తో చేసినది, జెలటిన్ జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసేది. హలాల్ సందేహమున్నప్పుడు దానితో పనే లేదు. చక్కెర కలిపిన నిమ్మనీళ్లతో అదే శక్తి వస్తుంది. శుభ్రపరచే మందులోని పాలీ ఇథిలీన్ గ్లైకాల్ మాత్రం రసాయనికంగా తయారైనదే, జంతు పదార్థం కాదు.

ఆ మందు గురించి కొంత వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. 1969లో న్యూయార్క్ వైద్యులు విలియం వుల్ఫ్, హిరోమి షిన్యాలు గొట్టం ద్వారానే పాలిప్‌ను తొలగించడం మొదలుపెట్టారు. ఆ రోజుల్లో పేగు శుభ్రతకు రోజుల తరబడి ద్రవాహారం, ఆముదం, ఎనిమా. మన నానమ్మలు పిల్లలకు ముక్కు మూసి పట్టించిన ఆముదమే! తరువాత మానిటాల్ అనే తీపి పదార్థం వచ్చింది. పేగులోని సూక్ష్మజీవులు దానిని పులియబెట్టి హైడ్రోజన్ వాయువును పుట్టించేవి. పాలిప్‌ను విద్యుత్తుతో కోసే వేళ ఆ వాయువు అంటుకుని పేగు పేలి రోగి మరణించిన ఉదంతం 1979లో ఫ్రాన్సు నుంచి వెలువడింది. మరుసటి సంవత్సరం, 1980లో, అమెరికాలోని డాలస్ నగరంలో జాన్ ఫోర్డ్‌ట్రాన్ బృందం పాలీ ఇథిలీన్ గ్లైకాల్, లవణాలు కలిసిన ద్రావణాన్ని ప్రకటించింది. నేడు మందుల దుకాణంలో లభించే పొడి ఆ కుటుంబానిదే. గ్లైకాల్ అణువు పెద్దది గనుక శరీరంలోకి ఇంకదు, నీటిని తనతో పట్టి ఉంచుతుంది. లవణాలు సరితూకంలో ఉండటం వల్ల శరీరం నుంచి ఉప్పు పోదు, శరీరానికి ఎక్కదు. ద్రావణం పేగును కడుక్కుంటూ వెళ్లిపోతుంది.

ఈ సరితూకం పొడి ఒక్కదానిలో లేదు, పొడీ నీరూ కలిసిన కొలతలో ఉంది. పొట్లం మీద 2 లీటర్లని ఉంటే 2 లీటర్లే కలపాలి. "అంత ఎవరు తాగుతారు" అని ఒక లీటరులోనే కలిపితే ఆ కొలత చెడుతుంది. రుచి కోసం చక్కెర, తేనె కలపడమూ వద్దు; చక్కెరను సూక్ష్మజీవులు పులియబెడతాయి, మానిటాల్ కథ మరొకసారి గుర్తు చేసుకోండి. ద్రావణాన్ని చల్లబరచి, గొట్టంతో నాలుక వెనుక భాగానికి పీల్చి, ప్రతి గ్లాసు తరువాత నిమ్మచెక్క చప్పరిస్తే సులువుగా దిగుతుంది. పావులీటరు గ్లాసు చొప్పున పది, పదిహేను నిమిషాలకొకటి. సుమారు గంటలో విరేచనాలు మొదలవుతాయి, కొందరికి రెండు మూడు గంటలు పట్టవచ్చు. వాంతి వచ్చేలా ఉంటే అరగంట ఆగి, నెమ్మదిగా తిరిగి మొదలుపెట్టవచ్చు. అయితే కడుపు బిగుసుకుపోయి తీవ్రమైన నొప్పి, పదేపదే వాంతులు ఉండి విరేచనం కాకపోతే మందు ఆపి వెంటనే ఆసుపత్రికి ఫోను చేయాలి. సోడియం ఫాస్ఫేట్ తరహా భేదిమందులు మూత్రపిండాలను దెబ్బతీయగలవని 2008లో అమెరికా ఔషధ సంస్థ హెచ్చరించింది. లోగడ ఎవరికో ఇచ్చిన సీసా ఇంట్లో మిగిలి ఉందని దానిని వాడవద్దు. సనా మక్కీ ఆకు కషాయం చాలుననే పెద్దలూ ఉన్నారు. ఆ ఆకులోని సారాన్ని వైద్యులు కూడా అప్పుడప్పుడు అదనపు మందుగా ఇస్తారు, నిజమే. కాని ద్రావణానికి బదులుగా సొంతంగా వాడితే పేగు సగమే శుభ్రపడుతుంది.

మందును రెండు భాగాలు చేసి, సగం ముందురోజు సాయంత్రం, మిగతా సగం పరీక్షకు నాలుగు నుంచి ఆరు గంటల ముందు మొదలుపెట్టి, కనీసం రెండు గంటల ముందు ముగించమంటారు. ఉదయం తొమ్మిదికి పరీక్ష అయితే తెల్లవారుజామున నాలుగింటికే లేవాలి. సెహరీకి లేచే ఇళ్లకు ఆ వేళ కొత్త కాదు. అంతా రాత్రే తాగేసి హాయిగా నిద్రపోదామనే కోరిక సహజం. కాని రాత్రంతా చిన్నపేగు నుంచి పైత్యరసం, జిగట దిగుతూ పెద్దపేగు కుడి భాగంలో పొరలా పరచుకుంటాయి. చదునైన పాలిప్‌లు ఎక్కువగా దాగి ఉండేది ఆ కుడివైపే. తెల్లవారుజాము సగం ఆ పొరను కడగడానికి. మధ్యాహ్నం పరీక్ష ఉన్నవారికి కొన్నిచోట్ల మొత్తం మందు ఉదయమే ఇస్తారు.

శుభ్రపడిందని ఎలా తెలుస్తుంది? చివరి విరేచనం పసుపుపచ్చని నీరులా, మూత్రంలా తేటగా ఉండాలి. గోధుమ రంగు, తునకలు కనిపిస్తే ఇంకా కాలేదు. ఇక్కడే మన ఇళ్లలో ఒక మౌనం అడ్డం వస్తుంది. అత్తగారు కొడుకుతో ఆ మాట చెప్పలేరు. కోడలు అడగడానికి జంకుతుంది. ఆసుపత్రిలో నర్సు అడిగితే "అంతా అయిపోయిందమ్మా" అంటారు. సిగ్గు మంచిదే, ధర్మం దానిని మెచ్చింది. కాని వైద్యం వేళ అబద్ధం చెప్పించే సిగ్గు అది కాదు. ఇంట్లో ఒక స్త్రీ, కూతురో కోడలో, ముందే ఆ బాధ్యత తీసుకుని చూడటం మంచిది. తేట కాకపోతే పరీక్ష గదిలోకి వెళ్లకముందే చెప్పాలి. అక్కడ మరికొంత మందు ఇవ్వడమో, సమయం మార్చడమో చేస్తారు. స్త్రీ సహాయకురాలు కావాలన్నా, వెనుకవైపు మాత్రమే తెరుచుకునే దుస్తులు కావాలన్నా పేరు నమోదు చేసుకునే రోజే అడగండి. కొంతమంది ఈ ఒక్క సంకోచంతోనే పరీక్షను ఏళ్ల తరబడి వాయిదా వేస్తారని మేము ఎరుగుదుము.

రాత్రి వేళ వృద్ధులు పదే పదే లేచి వెళ్తారు. నీరు తగ్గి, రక్తపోటు పడి, మరుగుదొడ్డి గడప వద్ద కూలిపోయే ప్రమాదముంది. దీపం వెలిగించి ఉంచండి, నేల తడి లేకుండా తుడవండి, ఒకరు మేలుకుని ఉండండి. మోకాళ్ల నొప్పులున్నవారికి కూర్చునే కుర్చీ కమోడ్ ఏర్పాటు చేయండి. తుడవడం కంటే నీటితో కడిగి మెత్తగా అద్దడం మేలు. ముందే వాసెలిన్ గాని కొబ్బరినూనె గాని రాస్తే చర్మం మండదు. ఆ గంటలలో వుజూ, నమాజుల విషయమై సందేహముంటే ఒకరోజు ముందే ఆలింలను అడిగి తెలుసుకోవడం వల్ల ఆ రాత్రి ఆందోళన తగ్గుతుంది.

మందుల సంగతి. ఇనుము మాత్రలు మలాన్ని నల్లగా, జిగటగా చేస్తాయి గనుక ఐదు నుంచి ఏడు రోజుల ముందు ఆపమంటారు. రక్తం పలుచబరచే మాత్రలను మాత్రం ఎవరూ తమంతట తాము ఆపరాదు. గుండెలో స్టెంటు వేయించుకున్నవారు ఆ మాత్ర ఆపితే స్టెంటు మూసుకుపోవచ్చు. గుండె వైద్యుడు, పేగు వైద్యుడు ఇద్దరూ కలిసి నిర్ణయించవలసిన విషయమిది. రక్తపోటు మాత్ర ఆ ఉదయం వేసుకోవాలో లేదో ముందే అడగండి. మధుమేహ రోగులు తిండి మాని, మందు మాత్రం యథాప్రకారం వేసుకుంటే చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. ఇన్సులిన్, మాత్రల మోతాదు ఆ రెండు రోజులకు విడిగా కాగితం మీద రాయించుకోండి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి పేర్లున్న మాత్రలను సాధారణంగా మూడు రోజుల ముందే ఆపిస్తారు. చెమట, వణుకు, కళ్లు తిరగడం కనిపిస్తే తేట ఆపిల్ రసమో చక్కెర నీళ్లో వెంటనే పట్టించాలి.

రమజాను గురించి అడిగిన పాఠకులున్నారు. ఉపవాసంలో కడుపు ఎలాగూ ఖాళీయే కదా, పరీక్షకు అదే అనువు కాదా అని. కాదు. ఉపవాసం కడుపును ఖాళీ చేస్తుంది గాని పెద్దపేగును కడగదు. నిన్నటి ఇఫ్తారులో తిన్న శనగలు, ఖర్జూరం, హలీం అక్కడే ఉంటాయి. పైగా శుభ్రతకు కావలసింది పుష్కలంగా నీరు. ఇఫ్తారు, సెహరీల మధ్య రెండు లీటర్ల మందు, దానిపై నీళ్లు తాగి, పగలంతా దప్పికతో ఉండటం ఆరోగ్యవంతునికే ప్రమాదం. అత్యవసరం కాకపోతే పరీక్షను ఈద్ తరువాతకు, అదీ షీర్ ఖుర్మా సందడి తగ్గాకకు మార్చుకోండి. రక్తం పడుతున్నా, బరువు తగ్గుతున్నా వాయిదా కూడదు. వ్యాధిగ్రస్తునికి ఉపవాసం నుంచి మినహాయింపు, తరువాత ఖజా చేసుకునే సౌలభ్యం ఉన్నాయని అందరమూ ఎరిగినదే.

పరీక్ష అయ్యాక మత్తు ప్రభావం ఆ రోజంతా ఉండవచ్చు. బండి నడపడం, ఆస్తిపత్రాలపై సంతకాలు చేయడం వద్దు, వెంట ఒకరుండాలి. లోపలికి ఊదిన గాలి వల్ల కొంతసేపు ఉబ్బరం సహజం. తీవ్రమైన కడుపునొప్పి, జ్వరం, ధారగా రక్తం మాత్రం సహజం కావు, తక్షణం తిరిగి వెళ్లాలి. మొదటి భోజనం తేలికగా, పెరుగన్నమో ఖిచిడీయో చాలు, ఇక పప్పుకు భయపడనక్కరలేదు.

నివేదిక అందుకున్నప్పుడు పాలిప్ ఉందా లేదా అన్న ఒక్క మాటే చూసి మడిచి పెట్టకండి. పేగు ఎంత శుభ్రంగా ఉందో చాలాచోట్ల అంకెలలో రాస్తారు. బోస్టన్ కొలమానంలో పేగును మూడు భాగాలు చేసి, ఒక్కొక్కదానికి 0 నుంచి 3 వరకు వేస్తారు, మొత్తం 9. ప్రతి భాగానికీ కనీసం 2 ఉంటే పరీక్షను నమ్మవచ్చు. ఏ భాగంలోనైనా అంతకు తగ్గితే, పాలిప్ లేదని రాసి ఉన్నా, సాధారణంగా ఏడాదిలోపు మళ్లీ చేయించుకోమంటారు. ఆ అంకె లేకపోతే అక్కడే అడిగి రాయించుకోండి. మరోసారి ఏ వైద్యుని వద్దకు వెళ్లినా ఆయన మొదట అడిగేది అదే.